పాటల డబ్బీకి మూడు ప్రత్యామ్నాయాలు

బస్సులో సీటు దొరక్కపోవడం ఒక కష్టమైతే, దొరకడం అంతకంటే పెద్ద కష్టమని భావనారాయణ అభిప్రాయం. నిలబడితే ఎవరి ఫోనూ చెవి పక్కన ఉండదు. కూర్చున్నామో, ఇటుపక్కాయన ఫోన్లో ఎవరో వంకాయల్లో కారం కూరుతుంటారు, అటుపక్కాయన ఫోన్లో ఎవరో ఎవర్నో రాజీనామా చెయ్యమంటుంటారు. వెనక సీట్లో పిల్ల పది సెకన్లకో వీడియో మారుస్తుంటుంది, అన్నింట్లోనూ ఒకడే మనిషి ఒకే నవ్వు నవ్వుతుంటాడు. ముందు సీట్లో పెద్దావిడ రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి, ఈ ఏడాది ఆవకాయలో ఉప్పు తగ్గిన సంగతి చెబుతుంటుంది. చెల్లెలికి చెవుడు. బస్సుకి లేదు.

తణుకు నుంచి ఏలూరు దాకా పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇదే వరస. పదహారేళ్ల నుంచీ తిరుగుతున్నాడు. ఫోన్లు ఇలా నోరు తెరిచాక ఆయనకి గుత్తివంకాయ చెయ్యడం బాగా వచ్చింది గానీ, ఇంటికొచ్చేసరికి తల పగిలిపోయేది.

కొమ్మోజు భావనారాయణ ఏలూరులో జిల్లా గోనెసంచుల నియంత్రణ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. గోనెసంచుల్ని నియంత్రించకపోతే అవేం చేస్తాయని మీరడగొచ్చు. ఆఫీసు పెట్టిన ముప్ఫై ఏళ్లలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అందుకే అది నడుస్తోంది.

"వాళ్ల గోల వినలేకపోతే మీరూ ఫోన్లో పాటలు పెట్టుకుని చెవుల్లో వైర్లు దోపుకోండి," అంది ఆయన భార్య మాణిక్యం.

అదీ అయింది. మొదటి పాట పల్లవి దాటి చరణంలోకి వచ్చిందో లేదో, ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి జాయింట్ డైరెక్టరు గారి ఫోను నేరుగా మెదడులోకి మోగింది. "భావనారాయణ గారూ, ఆ చిరుగుసంచుల స్టేట్‌మెంటు ఏమైందండీ?" బయటి గోలైతే చెవి దాకానే వస్తుంది. ఇది లోపల కూర్చుంది. ఆ రోజు నుంచి ఫోనుకి వైరు తగిలించలేదు.

చివరికి ఒక శనివారం తణుకు బజార్లో ఆయనకి కావలసింది కనిపించింది. అగ్గిపెట్టెంత డబ్బీ. నిండా పాత పాటలు. ఫోన్ రాదు, మెసేజి రాదు, బొమ్మ రాదు. పాట ఒక్కటే వస్తుంది. కొనేశాడు.

సోమవారం పొద్దున్న బస్సెక్కి, డబ్బీ మెడలో వేలాడేసుకుని, వైర్లు చెవుల్లో పెట్టుకుని, మీట నొక్కాడు. పక్కాయన ఫోన్లో వంకాయ నోరు తెరిచింది గానీ మాట్లాడలేదు. తాడేపల్లిగూడెం దాటాక రోడ్డు పక్కన పొలాలున్నాయని, వాటిల్లో కొంగలు వాలతాయని ఆయనకి పదహారేళ్ల సర్వీసులో ఆ రోజే తెలిసింది. ఏలూరు ఇంత త్వరగా ఎందుకొచ్చిందా అని బాధపడ్డ మొదటి రోజూ అదే.

అంతే. ఆ ఒక్క ప్రయాణమే.

ఆఫీసు గుమ్మంలో సూపరింటెండెంటు పేరిందేవి గారు ఎదురయ్యారు. ఆవిడ మనిషి మొహం కంటే ముందు మెడ చూస్తారు, ఐడీ కార్డు ఉందా లేదా అని.

"మెడలో అదేంటండీ?"

"పాటల డబ్బీ మేడమ్. బస్సులో వినడానికి."

"కొత్తదా?"

"మొన్న శనివారం కొన్నానండి."

"ఫారం సెవెన్ పెట్టారా?"

భావనారాయణ డబ్బీని గుప్పిట్లో దాచబోయాడు.

ఫారం సెవెన్ సంగతి చెప్పాలి. మూడు నెలల క్రితం జాయింట్ డైరెక్టరు విశ్వమోహన్ గారు ఏదో రిసార్టులో నాలుగు రోజుల శిక్షణకి వెళ్లి, తక్కువ వస్తువులతో బతకడం ఎలాగో నేర్చుకుని, రెండు సూట్‌కేసులతో తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే ఆఫీసులో 'వస్తుమితి ఉద్యమం' ప్రారంభించారు. "మనం వస్తువుల్ని వాడటం లేదండీ, వస్తువులే మనల్ని వాడుకుంటున్నాయి," అని గంటన్నర మాట్లాడి, ఆ సందర్భానికి గుర్తుగా తలా ఒక చేతిసంచి, ఒక మంచినీళ్ల సీసా, ఒక కప్పు, ఒక డైరీ, ఒక గోడగడియారం పంచారు. అన్నింటి మీదా 'ఇది నాకు అవసరమా?' అని అచ్చేసి ఉంది. తర్వాత అందరిచేతా ప్రమాణపత్రం మీద సంతకాలు పెట్టించారు. అవసరం రుజువు కానిదే ఏ కొత్త వస్తువూ సొంతం చేసుకోనని. ఆ రుజువు కోసం పెట్టుకునే దరఖాస్తే ఫారం సెవెన్. సంతకం పెట్టినవాళ్లకే పెసరట్టు ఉప్మా అన్నారు. అందరూ పెట్టారు. భావనారాయణ అల్లం చట్నీ రెండోసారి వేయించుకున్నాడు కూడా.

"సంతకం పెట్టిన మనిషే ఇలా చేస్తే ఎలాగండీ?" అన్నారు పేరిందేవి. "వస్తువుని కార్యాలయ స్వాధీనంలో ఉంచండి. విచారణ పూర్తయ్యేదాకా యథాతథ స్థితి కొనసాగుతుంది."

డబ్బీ కవర్లోకి వెళ్లింది. కవరు మీద లక్క పడింది.

ఫారం సెవెన్లో పదకొండు గళ్లున్నాయి. 'వస్తువు లేనందువల్ల కలిగే బాధ' అన్న గడిలో స్వల్పం, మధ్యమం, దుర్భరం అని ఇచ్చారు. భావనారాయణ దుర్భరం దగ్గర టిక్కు పెట్టాడు. దానికి పేరిందేవి "దుర్భరమైతే పదహారేళ్లు ఎలా భరించారు?" అని పెన్సిల్‌తో వివరణ కోరారు. మధ్యమానికి దిగాడు.

బుధవారం పదకొండింటికి ముగ్గురితో కమిటీ కూర్చుంది. అధ్యక్షులు విశ్వమోహన్ గారు. కార్యదర్శి పేరిందేవి. సాంకేతిక సభ్యుడు జోగారావు. జోగారావు సాంకేతికమంటే, సంచి మూతికి అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టడం.

లక్క పగలగొట్టి డబ్బీ బయటికి తీశారు. అక్కడే మొదటి చిక్కొచ్చింది. వైరుకి చివర్లు రెండు. కమిటీకి తలలు మూడు.

"ఒకటి నేను, ఒకటి సూపరింటెండెంటు గారు పెట్టుకుంటాం," అన్నారు విశ్వమోహన్ గారు. "జోగారావు గారూ, మీరు మాతో ఏకీభవించండి."

"వినకుండా ఎలా ఏకీభవించనండీ? కుట్టు చూడందే నేను సంచి పాస్ చెయ్యను. పాట వినకుండా పాటెలా పాస్ చేస్తాను? రేపు ఆడిట్‌లో అడిగేది నన్నే కదా."

మూల నిలబడ్డ భావనారాయణ గొంతు సవరించుకున్నాడు. "ఒకరి తర్వాత ఒకరు వినొచ్చు కదండీ."

పేరిందేవి ఆయన వైపు జాలిగా చూశారు. "కమిటీ అంటే ఏకకాలంలో పరిశీలించాలండీ. విడివిడిగా వింటే అవి మూడు అభిప్రాయాలవుతాయి. కమిటీ అభిప్రాయం అవదు."

అరగంట చర్చించాక మార్గం దొరికింది. ఇద్దరూ వింటారు, విన్నది విన్నట్టు పేరిందేవి చెబుతుంటే జోగారావు రాసుకుంటాడు. పేరిందేవి వైరు కుడిచెవికి పెట్టుకుని, మెమో చెప్పే గొంతుతో మొదలెట్టారు.

"మబ్బుచాటు చిన్నదానా, కామా, మాటాడవేలనే, ప్రశ్నార్థకం. మబ్బుచాటు చిన్నదానా. డిట్టో."

జోగారావు కలం ఆపాడు. "మళ్లీ అదే ఎందుకండీ?"

"పల్లవి కదండీ, రెండుసార్లు పాడతారు," అన్నాడు భావనారాయణ.

"ఒకసారి అడిగాక మళ్లీ అదే అడగడం అనవసరం కదా. మన ఉద్యమానికి విరుద్ధం కాదా సార్?"

విశ్వమోహన్ గారు కళ్లు మూసుకుని ఉన్నారు. ఎడమచెవిలో వైరుంది, కాలు బల్ల కింద తాళం వేస్తోంది. "పాయింటే," అన్నారు. "నోట్ చెయ్యండి. కానీ ఒక్క నమూనాతో నిర్ణయానికి రాకూడదు. ఇంకో నాలుగు వినిపించండి."

పన్నెండు విన్నారు. జోగారావు తన అభిప్రాయం ఇలా రాశాడు: 'సాహిత్యం అందినది. బాణీ అందలేదు. పునరుక్తి ఎక్కువగా ఉన్నది.'

"వస్తువు గుణదోషాలు చూశాం. కానీ తొమ్మిదో గడి ఖాళీగా ఉంది," అన్నారు పేరిందేవి. "ఏ వస్తువుకైనా మూడు ప్రత్యామ్నాయాలు పరిశీలించి, మూడూ పనికిరావని తేలితేనే సొంతం చేసుకోవాలి. భావనారాయణ గారు మూడుచోట్లా 'లేవు' అని రాశారు. లేవు అనేది ప్రత్యామ్నాయం కాదండీ."

కమిటీయే మూడూ సూచించింది.

మొదటిది, చెవుల్లో దూది. గురువారం పెట్టుకుని బస్సెక్కాడు. ఏలూరు వచ్చిందని కండక్టరు అరిచిన అరుపు కూడా వినపడలేదు. హనుమాన్ జంక్షన్‌లో దిగి, వెనక్కొచ్చేసరికి పన్నెండున్నర. ఆలస్యానికి మెమో ఇస్తూ పేరిందేవి, "ప్రత్యామ్నాయం విజయవంతంగా పనిచేసినట్టే కదండీ?" అన్నారు. ఈ వాదన మీద మూడు రోజులు ఫైలు నడిచి, చివరికి దూది వీగిపోయింది.

రెండోది, స్వయంగా పాడుకోవడం. దీనికి ఆఫీసులోనే పరీక్ష పెట్టారు. భావనారాయణ లేచి నిలబడి ఒక చరణం పాడాడు. కమిటీ ముగ్గురూ ఏకకాలంలో విన్నారు. ఆ ఫైలు మొత్తంలో వాళ్లు చర్చ లేకుండా తేల్చింది ఇదొక్కటే.

మూడోది ఎవరికీ తట్టలేదు. సరిగ్గా అప్పుడే అటెండరు నూకరాజు టీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెడుతూ లోపల్లోపల ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పేరిందేవి తలెత్తారు.

"సార్, మన నూకరాజు పాడతాడు కదా."

నూకరాజు ఒకప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. అత్తిలి, పెనుగొండ, మార్టేరు, ఎక్కడ తిరణాల జరిగినా నూకరాజు ఉండాల్సిందే. పద్యం చివర రాగం తీశాడంటే, జనం బీడీ వెలిగించుకుని, కాల్చి, పారేసేదాకా ఆగేది కాదంటారు. నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక మళ్లీ మొదటినుంచీ పాడి తీరాలి, అది అక్కడి పద్ధతి. రాజు యుద్ధంలో చచ్చి పడిపోయినా సరే, వన్స్ మోర్ పడితే లేచి, పాడి, మళ్లీ చావాలి. ఒకసారి మార్టేరులో నూకరాజు నాలుగుసార్లు చచ్చాడు. తర్వాత్తర్వాత నాటకాలు తగ్గిపోయాయి, పిలుపులు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లుగా టీలు మోస్తున్నాడు.

"తణుకు నుంచే వస్తాడు," అన్నారు పేరిందేవి. "అదే బస్సు, అదే టైము. ఛార్జింగ్ అక్కర్లేదు. మొయ్యక్కర్లేదు, తనే ఎక్కుతాడు, తనే దిగుతాడు."

విశ్వమోహన్ గారి మొహం వెలిగింది. "దీన్నే అంటారండీ, అందుబాటులో ఉన్న వనరుల సద్వినియోగం అని. నూకరాజూ, ఏమంటావు?"

నూకరాజు ఖాళీ ట్రే గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. "ఆయ్, పాడమంటారాండీ? నన్నేనాండీ?" అన్నాడు.

పదిహేను రోజులు ప్రయోగాత్మకంగా, నూకరాజు భావనారాయణ పక్క సీట్లో కూర్చుని, రాకపోకల్లో గానం చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. ఎన్ని పద్యాలు విన్నాడో భావనారాయణ ఏ రోజుకారోజు ధ్రువీకరించాలి. ఆలోగా డబ్బీ మన్నిక ఎంతో కూడా తేల్చాలి కాబట్టి, ఆ పరీక్షని విశ్వమోహన్ గారు స్వయంగా తమ మీద వేసుకున్నారు. పొద్దుటి వాకింగ్‌లో ఆయన మన్నిక పరీక్షిస్తూ చెరువుగట్టు మీద ఊగుతూ నడవడం చాలామంది చూశారు.

మొదటిరోజు నూకరాజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతిలో ఫ్లాస్కుంది. "మిరియాల కషాయమండి. మా ఆవిడ ఇచ్చింది. గొంతుకి నాకు, ఓపిక్కి తవరికి అంది," అంటూ కూర్చుని, ఎడమచెయ్యి చెవి మీద పెట్టుకుని, నోరు భావనారాయణ కుడిచెవికి జానెడు దూరంలో తెరిచాడు. పక్కనే పాడాలని ఉత్తర్వులో ఉంది మరి.

పద్యం అయ్యి రాగంలోకి వచ్చేసరికి పక్కాయన ఫోన్లో వంకాయ ఆగిపోయింది. రాగం రెండో మలుపు తిరిగేసరికి రాజీనామా ఆగింది. మూడో మలుపులో పెద్దావిడ, "ఉండవే, ఇక్కడెవరో పాడుతున్నాడు," అని ఫోను నూకరాజు వైపు తిప్పింది. రాజమండ్రి చెల్లెలికి జన్మలో మొదటిసారి అన్నీ వినిపించాయి. రాగం ఆగగానే బస్సంతా నిశ్శబ్దం. భావనారాయణ కుడిచెవిలో మాత్రం అది ఇంకా తిరుగుతోంది.

వెనకనుంచి ఎవరో, "వన్స్ మోర్," అన్నారు.

నూకరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

భావనారాయణ ధ్రువీకరణ: 'ఉదయం పద్యాలు నాలుగు, వన్స్ మోర్లు ఆరు. సాయంత్రం పద్యాలు అయిదు, వన్స్ మోర్లు పదకొండు.'

వారం తిరిగేసరికి ఆ బస్సుకోసం ముందు బస్సు వదిలేసేవాళ్లు తయారయ్యారు. భీమడోలు దగ్గర రాగం మధ్యలో ఉంటే డ్రైవరు బండి కదిలించడం మానేశాడు. "ఇంజను చప్పుడుకి శ్రుతి చెడుతుంది సార్," అన్నాడు, అదేదో ఆర్టీసీ నిబంధనలా. దానివల్ల రోజూ ఆలస్యం, రోజూ ఒక మెమో. ఎనిమిదోరోజు ఒక పెద్దాయన కిళ్లీ నములుతూ వచ్చి భావనారాయణ భుజం తట్టాడు. "మాస్టారూ, మీరు రోజూ వింటున్నారు కదా. కాస్త లేచి మాకు చోటివ్వండి."

లేచాడు. నూకరాజు కూడా వెంటనే లేచాడు. పక్కనే ఉండాలని ఉత్తర్వు. ఇద్దరూ కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఒకరు పాడుతూ, ఒకరు లెక్కపెడుతూ.

ఇంట్లో చెప్పుకుంటే మాణిక్యం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఫోన్ల గోల పోయిందా లేదా?"

"పోయింది."

"మరింకేం?"

"నేనడిగింది కొంగల్ని చూసుకుంటూ పాట వినడం. ఇప్పుడు కొంగలే కిటికీలోంచి మమ్మల్ని చూసి ఎగిరిపోతున్నాయి."

పన్నెండోరోజు నూకరాజుకి జలుబు చేసింది. బస్సెక్కి, మెళ్లో మఫ్లరు చుట్టుకుని, చేతులతో సైగ చేశాడు. పావుగంటలో వంకాయ వచ్చింది, రాజీనామా వచ్చింది, పదిసెకన్ల నవ్వొచ్చింది. బస్సంతా భావనారాయణనే చూసింది. పెద్దావిడయితే అడిగేసింది కూడా. "ఏం బాబూ, నువ్వేమైనా అన్నావా ఆయన్ని?"

పదిహేనో రోజు, అంటే నిన్న శుక్రవారం, పేరిందేవి ఆయన్ని పిలిచి కొత్త కాగితం చేతిలో పెట్టారు. ఫారం సెవెన్-బి. అందులో ఒకే ప్రశ్న, రెండే గళ్లు. 'మూడవ ప్రత్యామ్నాయం: సంతృప్తికరం / అసంతృప్తికరం.'

"అసంతృప్తికరం దగ్గర టిక్కు పెడితే మూడూ వీగిపోయినట్టు. మీ డబ్బీ మీకొచ్చేస్తుంది," అన్నారు. "మన్నిక పరీక్ష కూడా ముగిసింది. సార్ తమకీ అలాంటి డబ్బీ ఒకటి మంజూరు చేసుకున్నారు."

"ఆయనకి మూడు ప్రత్యామ్నాయాలు..."

"మీకు పరీక్షించినవే ఆయనకీ వర్తింపజేశాం."

భావనారాయణ కలం తీశాడు. పేరిందేవి ఇంకా చెబుతూనే ఉన్నారు.

"ఈ టిక్కు నకలు నూకరాజు సర్వీసు రిజిస్టరులో అతికిస్తాం. 'గానం అసంతృప్తికరం' అని. వనరు గురించి తేలినది వనరు రికార్డులో ఉండాలి కదండీ."

కలం ఆగింది. "అదే సంతృప్తికరం అంటే?"

"డబ్బీ అవసరం లేదని తేలినట్టు. కార్యాలయానికి జమ అవుతుంది. నూకరాజు రిటైరయ్యేదాకా ఇదే ఏర్పాటు కొనసాగుతుంది. ఇంకా ఆరేళ్లుంది అతనికి."

"మేడమ్, మధ్యలో ఇంకో గడి పెట్టొచ్చు కదండీ. పాట మంచిదే, నా చెవికే ఓపిక లేదు అని."

"చెవి గురించి ఫారంలో గడి లేదండీ. సోమవారం సాయంత్రం అయిదింటికల్లా ఇవ్వండి."

సాయంత్రం బస్సులో జలుబు తగ్గిన నూకరాజు మామూలుగానే పక్కన చేరాడు. ఎత్తుకోబోతూ ఒక్క క్షణం ఆగాడు.

"బాబుగారూ, ఒక సంగతండి. మార్టేరు నుంచి ఇద్దరొచ్చార్ట మా ఇంటికి. బస్సులో విన్నార్ట. వచ్చే నెల తిరణాలకి రాజు వేషం కట్టమంటన్నారు. పద్దెనిమిదేళ్లయిందండి, గుమ్మంలోకొచ్చి అడిగి."

"మంచిదే కదా నూకరాజూ."

"ఆఫీసులో పర్మిషన్ పెట్టాలంటండి. సర్వీసు రిజిస్టరు చూసి ఇస్తార్ట." ఫ్లాస్కు మూతలో కషాయం పోసి అందించాడు. "మనదాంట్లో మచ్చేం లేదు కదండీ, ఇచ్చేత్తారు. సరేగానండి, ఇవాళ ఏ పద్యం పాడమంటారు?"

భావనారాయణ కషాయం తాగాడు. జేబులో ఫారం మడత గుచ్చుకుంటోంది.

ఇదండీ సంగతి. ఇవాళ శనివారం. ఫారం ఆయన ఇంట్లో బల్లమీద, 'ఇది నాకు అవసరమా?' అన్న కప్పు కింద ఉంది. పొద్దుట్నుంచి కలం రెండుసార్లు ఒక గడి మీదకీ, మూడుసార్లు రెండో గడి మీదకీ వెళ్లొచ్చింది. మాణిక్యాన్ని అడిగితే, "ఇంతకీ ఆ డబ్బీ మీకు కావాలా, అక్కర్లేదా? అది తేల్చుకోండి ముందు," అంటోంది. కావాలి. కానీ ఆ టిక్కు పెట్టి తెచ్చుకున్న డబ్బీలో పాట మొదలయ్యేలోగానే, జానెడు దూరంలో మఫ్లరు చుట్టుకుని సైగచేసే మనిషి కనపడతాడేమోనని ఆయన భయం. పోనీలే అని సంతృప్తికరమనే పెడదామంటే, ఆరేళ్లకి వన్స్ మోర్లు ఎన్నవుతాయో ఊహించుకుని కుడిచెవి ముందుగానే మూసుకుపోతోంది.

అందుకని చదివేవాళ్లలో ఇలాంటి ఫారాలు నింపి బతికి బయటపడ్డవాళ్లెవరైనా ఉంటే, దయచేసి భావనారాయణకి ఏం చెయ్యాలో చెప్పండి. సోమవారం అయిదింటిలోగా చేరాలి. ఫోన్ మాత్రం చెయ్యకండి, బస్సులో పద్యం మధ్యలో మోగితే జనం ఊరుకోరు. ఇంకో చిన్న మనవి. సలహా ఒక్కటే పంపితే పేరిందేవి గారు ఒప్పుకోరు. తలా మూడు పంపండి.